కారణం చెప్పిన న్యాయమూర్తి

వాషింగ్టన్ సుప్రీంకోర్టులో ఏనాడూ కూర్చోకుండానే అమెరికా చట్టాన్ని మలుపు తిప్పాడు కాలిఫోర్నియా న్యాయమూర్తి రోజర్ ట్రేనర్. న్యాయమూర్తులు చట్టం చేయవచ్చా అన్న పాత తగాదాకు ఆయన ముప్పై ఏళ్ల తీర్పులు ఇచ్చే జవాబు ఏమిటి?

కొన్న వస్తువులో లోపం వల్ల గాయపడినవాడు, తయారీదారు ఎక్కడ అశ్రద్ధ చేశాడో నిరూపించకుండానే పరిహారం అడగవచ్చు. వారంటు లేకుండా ఇంట్లో చొరబడి పోలీసులు పట్టుకొచ్చిన సాక్ష్యాన్ని కోర్టు పక్కన పెడుతుంది. తెల్లజాతి, నల్లజాతి మనుషులు పెళ్లి చేసుకుంటామంటే కాదనే అధికారం ఏ ప్రభుత్వ గుమాస్తాకూ లేదు. అమెరికాలో ఇవాళ మామూలు సంగతులైపోయిన ఈ మూడూ దేశమంతటికీ పాకకముందే కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో తీర్పులుగా వెలువడ్డాయి. మూడింటినీ రాసింది ఒక్కరే. ఆయన పేరు రోజర్ జాన్ ట్రేనర్. 1940 నుంచి 1970 దాకా ఆ కోర్టులో న్యాయమూర్తి, చివరి ఆరేళ్లు ప్రధాన న్యాయమూర్తి. అభిమానులు ఆయన్ని ఆ తరంలో కెల్లా గొప్ప న్యాయమూర్తుల్లో ఒకడన్నారు. చట్టసభ చేయాల్సిన పని కోర్టు నెత్తిన వేసుకోవడానికి ఆయనే దారి చూపాడని విమర్శకులు అన్నారు. న్యాయమూర్తి చట్టాన్ని మార్చడం దానంతట అదే అపచారం కాదనీ, ఎందుకు మారుస్తున్నాడో దాచిపెట్టడమే అపచారమనీ ట్రేనర్ జీవితాన్ని దగ్గరగా చూస్తే తేలుతుంది. ఈ మాట నిలబడుతుందో లేదో చూడాలంటే ఆయన నెగ్గిన చోట్లతో పాటు తడబడిన చోట్లనూ, ఎదురుదెబ్బ తిన్న చోట్లనూ పరిశీలించాలి.

రాష్ట్ర కోర్టుకు అంత బలమెక్కడిది?

మన దగ్గర రాష్ట్రాలకు హైకోర్టులు, వాటన్నిటి మీదా ఢిల్లీలో ఒకే సుప్రీంకోర్టు. ఏ చట్టం మీదైనా చివరిమాట ఢిల్లీదే. అమెరికా ఏర్పాటు వేరు. అక్కడ ఒక్కో రాష్ట్రానికి సొంత రాజ్యాంగం, సొంత చట్టాలు, సొంత అత్యున్నత న్యాయస్థానం ఉంటాయి. దేశ రాజ్యాంగమో, సమాఖ్య చట్టమో అడ్డం వస్తే తప్ప రాష్ట్ర చట్టం గురించి ఆ న్యాయస్థానం చెప్పిందే తుదిమాట. వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు కూడా దాన్ని తిరగరాయలేదు. ఒప్పందాలు, ప్రమాదాలు, విడాకులు, ఆస్తి తగాదాలు, దొంగతనాలు, హత్యలు ఇలా మనిషి నిత్యజీవితాన్ని తాకే వ్యాజ్యాల్లో అత్యధిక భాగం రాష్ట్ర కోర్టుల్లోనే తేలతాయి. పైగా ఆ రంగాల్లో పెద్ద భాగం ఏ శాసనసభా రాసిన చట్టం కాదు. ఇంగ్లండు నుంచి వారసత్వంగా వచ్చి, తీర్పు మీద తీర్పు పేరుకుని తయారైన ధర్మం అది. 1916లో న్యూయార్క్ అత్యున్నత కోర్టులో బెంజమిన్ కార్డోజో ఒక కారు చక్రం విరిగిన కేసులో, తన దగ్గర నేరుగా కొనని మనిషికి కూడా తయారీదారు జవాబుదారీ అని తేల్చాడు. ఆ తీర్పు రాష్ట్రాలన్నిటికీ పాకింది గానీ దాన్ని ఏ చట్టసభా ఆమోదించలేదు. కాబట్టి కోర్టు చట్టం చేయరాదనే వాదన ఈ రంగంలో మొదటి మెట్టు మీదే తడబడుతుంది. కోర్టులే కట్టిన ఇంటిని కోర్టులే మరమ్మతు చేయాలి. చేయరాదంటే, నూరేళ్ల కిందటి న్యాయమూర్తికి ఉన్న అధికారం నేటి న్యాయమూర్తికి లేదని ఒప్పుకోవాల్సి వస్తుంది.

గని ఊరి నుంచి ధర్మాసనానికి

యూటా రాష్ట్రంలో అప్పట్లో వెండి గనుల ఊరు పార్క్ సిటీ. ఐర్లండు నుంచి వలస వచ్చిన కుటుంబంలో 1900లో ట్రేనర్ అక్కడ పుట్టాడు. చదువు కోసం కాలిఫోర్నియా చేరి బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నాడు. రాజనీతిశాస్త్రంలో డాక్టరేటు, న్యాయశాస్త్రంలో పట్టా రెండూ సాధించాడు. తర్వాత అక్కడే న్యాయశాస్త్ర అధ్యాపకుడయ్యాడు. ఆయన ప్రత్యేకత పన్నుల చట్టం. ఆర్థిక మాంద్యం కాలంలో కాలిఫోర్నియా కొత్త పన్నుల విధానాన్ని రూపొందించుకుంటున్నప్పుడు ముసాయిదాల్లో ఆయన చెయ్యి ఉంది. అమెరికా ఖజానా శాఖకూ సలహాదారుగా పనిచేశాడు. ఈ నేపథ్యాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. పన్ను ఎవరి మీద వేస్తే చివరికి భారం ఎవరి మీద పడుతుంది, దాన్ని నలుగురికీ ఎలా పంచాలి అని లెక్కలు వేసిన బుర్ర అది. ప్రమాదాల కేసుల్లో ఆయన వేసిన ప్రశ్న కూడా అదే.

కోర్టులోకి ఆయన రాక కూడా రాజకీయాల నీడలోనే జరిగింది. 1934లో ఓటర్లు ఆమోదించిన సవరణ ప్రకారం కాలిఫోర్నియాలో గవర్నరు పేరు ప్రతిపాదిస్తాడు, ముగ్గురు సభ్యుల సంఘం ఒప్పుకోవాలి, ఆపైన ఎన్నికల్లో ఓటర్లు అవునో కాదో తేల్చాలి. 1940లో గవర్నర్ కల్బర్ట్ ఓల్సన్ మొదట ప్రతిపాదించింది బర్క్‌లీలోనే మరో ఆచార్యుడైన మాక్స్ రాడిన్‌ని. ఆయన వామపక్ష ధోరణుల మీద అభ్యంతరాలు లేచి సంఘం తిరస్కరించింది. ఆ సంఘంలో అటార్నీ జనరల్ హోదాలో కూర్చుని వ్యతిరేకించిన ఎర్ల్ వారెనే, తర్వాతి కాలంలో దేశ ప్రధాన న్యాయమూర్తిగా ఉదారవాద తీర్పులకు మారుపేరు కావడం చరిత్ర చమత్కారం. రాడిన్ బదులు వచ్చిన ట్రేనర్‌కి నలభై ఏళ్లు. అంతకుముందు ఒక్క రోజు కూడా జడ్జిగా పనిచేయలేదు.

పేలిన సీసా, ఎగిరిన కొయ్య

కాలిఫోర్నియాలోని మెర్సెడ్‌లో ఒక రెస్టారెంటు వెయిట్రెస్ కోకా కోలా సీసాలను ఫ్రిజ్‌లో సర్దుతుండగా ఒకటి చేతిలోనే పేలి చెయ్యి తీవ్రంగా గాయపడింది. సీసాలు నింపే కంపెనీ నిర్లక్ష్యం ఎక్కడ జరిగిందో ఆమె ఎలా చూపగలదు? 1944లో కోర్టు ఆమెకే అనుకూలంగా చెప్పింది. జరిగిన సంఘటనను బట్టే నిర్లక్ష్యాన్ని ఊహించవచ్చన్న పాత సూత్రాన్ని సాగదీసి ఆ మాట చెప్పింది. ట్రేనర్ ఫలితంతో ఏకీభవించాడు గానీ దారి నచ్చక విడిగా రాశాడు. నిర్లక్ష్యం అనే పేరు పెట్టుకుని నిజానికి నిర్లక్ష్యంతో పనిలేని బాధ్యతనే మోపుతున్నప్పుడు ఆ సంగతి బాహాటంగా చెప్పడమే మేలన్నది ఆయన వాదన. ఆయన చెప్పిన కారణాలు సూటిగా ఉన్నాయి. భారీ ఉత్పత్తి యుగంలో వస్తువు ఎలా తయారైందో కొనేవాడికి తెలిసే వీల్లేదు. ప్రమాదాన్ని ముందే ఊహించి అరికట్టగలిగింది తయారీదారే. నష్టం తప్పనప్పుడు, దాన్ని బీమా ద్వారా ధరలో కలిపి నలుగురికీ పంచగలిగేదీ అతనే. గాయపడ్డ మనిషి ఒక్కడే మోస్తే ఆ నష్టం అతని బతుకును కూల్చేస్తుంది.

ఆ రోజు మిగతా ఆరుగురు న్యాయమూర్తుల్లో ఎవరూ ఆయనతో కలవలేదు. పందొమ్మిదేళ్లు గడిచాయి. భార్య క్రిస్మస్ కానుకగా ఇచ్చిన చెక్కపని యంత్రం మీద పనిచేస్తున్న మనిషికి కొయ్యముక్క ఎగిరొచ్చి నుదుటికి తగిలిన కేసు 1963లో కోర్టు ముందుకొచ్చింది. జ్యూరీ 65,000 డాలర్ల పరిహారం ఇచ్చింది. లోపం గురించి సకాలంలో నోటీసు ఇవ్వలేదు కాబట్టి హామీ చట్టం ప్రకారం తమకు బాధ్యత లేదని తయారీదారు వాదన. ఈసారి కోర్టంతా ఏకగ్రీవంగా ట్రేనర్ వెంట నడిచింది. లోపం ఉందో లేదో చూడకుండానే వాడతారని తెలిసి మార్కెట్లో పెట్టిన వస్తువులో లోపముండి గాయమైతే తయారీదారు బాధ్యుడు, ఇది ఒప్పందం నుంచి పుట్టిన బాధ్యత కాదు కాబట్టి ఒప్పందపు చిక్కుముడులు దీనికి వర్తించవు అని తీర్పు చెప్పింది. మరుసటి రెండేళ్లలో అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ తన సూత్ర సంపుటిలో దీన్ని చేర్చుకుంది. రాష్ట్రం తర్వాత రాష్ట్రం దీన్ని అనుసరించింది. ఒక్కడి విడి అభిప్రాయం రాత్రికి రాత్రి చట్టమైపోలేదన్నది ఇక్కడ గమనించాలి. రెండు దశాబ్దాల పాటు న్యాయ కళాశాలల్లో, పత్రికల్లో, ఇతర కోర్టుల్లో అది నలిగింది. 1944లోనే కారణాలను పూర్తిగా బయటపెట్టాడు కాబట్టే వాటిని ఖండించడానికి ప్రత్యర్థులకు అంత వ్యవధి దొరికింది.

తన తీర్పును తానే కొట్టేసి

కారణాలు చెప్పే అలవాటుకు అసలైన పరీక్ష, ఆ కారణాలు తన పాత తీర్పుకే ఎదురు తిరిగినప్పుడు వస్తుంది. పోలీసులు అక్రమంగా సంపాదించిన సాక్ష్యాన్ని కూడా కోర్టు స్వీకరించవచ్చని 1942లో తీర్పు రాసింది ట్రేనరే. తప్పు చేసిన పోలీసు మీద వేరే చర్య తీసుకోవచ్చు గానీ, నిజం చెప్పే సాక్ష్యాన్ని ఎందుకు వదులుకోవాలన్నది అప్పటి తర్కం. 1955లో కాహన్ అనే జూదపు బుకీ కేసు వచ్చింది. లాస్ ఏంజెలెస్ పోలీసులు ఇళ్లలో రహస్యంగా మైక్రోఫోన్లు అమర్చారు, బలవంతంగా చొరబడ్డారు, ఆ సంగతి దాచనైనా లేదు. పదమూడేళ్లలో ఇలాంటి కేసులు వరుసగా చూశాక, వేరే చర్యలన్నవి కాగితాల మీదే మిగిలాయని ట్రేనర్ గ్రహించాడు. అక్రమాన్ని ఆపే దారి ఇంకేదీ పనిచేయలేదని, చట్టాన్ని మీరి సంపాదించిన ఫలాన్ని కోర్టే అందుకుంటే ఆ అక్రమంలో కోర్టు కూడా భాగస్వామి అవుతుందని రాశాడు. ఒక్క ఓటు ఆధిక్యంతో పాత తీర్పును కొట్టేశాడు. ఆరేళ్ల తర్వాత, 1961లో, దేశ సుప్రీంకోర్టు మాప్ కేసులో ఇదే నియమాన్ని అన్ని రాష్ట్రాలకూ తప్పనిసరి చేస్తూ కాలిఫోర్నియా అనుభవాన్ని ప్రస్తావించింది.

నేరస్తులకు కోర్టు కొమ్ముకాస్తోందని పోలీసు అధికారులు మండిపడ్డారు. వారి అభ్యంతరంలో పస లేకపోలేదు. సాక్ష్యాన్ని తోసిపుచ్చితే లాభపడేది తరచుగా దోషే, నష్టపోయేది బాధితుడే. 1982లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 8 ద్వారా ఈ విషయంలో తమ రాష్ట్ర కోర్టులకున్న స్వతంత్ర అధికారాన్ని కుదించి, దేశ రాజ్యాంగం కోరిన మేరకే సాక్ష్యాన్ని తోసిపుచ్చాలని నిర్ణయించారు. ట్రేనర్ తప్పు చేశాడనడానికి దీన్ని రుజువుగా చూపేవారున్నారు. న్యాయమూర్తి చేసిన చట్టం ప్రజల చేతికి అందనంత ఎత్తున ఉండదనడానికి కూడా ఇదే రుజువు. అది ప్రజలు తిరిగి దిద్దుకోగలిగిన నియమం, దిద్దుకున్నారు.

పెళ్లికి రంగు అడ్డమైనప్పుడు

ఇక్కడిదాకా వాదన కోర్టులు పుట్టించిన నియమాలకే సరిపోతుంది. శాసనసభ రాసిన చట్టాన్నే కొట్టేస్తే మాటేమిటి? 1948 నాటి పెరెజ్ కేసు దీనికి గట్టి పరీక్ష. తెల్లవారు నల్లవారినీ, మంగోలియన్లనూ, మలయ జాతివారినీ, మిశ్రమ సంతతివారినీ పెళ్లాడరాదని కాలిఫోర్నియా చట్టం. అప్పటికి దాదాపు ముప్పై రాష్ట్రాల్లో ఇలాంటివే ఉన్నాయి. దేశ సుప్రీంకోర్టు పాత తీర్పులు వీటికి అండగానే ఉన్నాయి. చట్టం దృష్టిలో తెల్లజాతికి చెందిన మెక్సికన్ అమెరికన్ వధువుకీ, నల్లజాతి వరుడికీ లాస్ ఏంజెలెస్ కౌంటీ లైసెన్సు నిరాకరించింది. ట్రేనర్ రాసిన ప్రధాన అభిప్రాయం ఒక మౌలికమైన మాటతో నడుస్తుంది. పెళ్లి హక్కు జాతులది కాదు, మనుషులది. ఒక మనిషికి మరొకరు బదులు కారు కాబట్టి, మీ జాతిలోనే ఇంకొకరిని వెతుక్కోండన్న సలహా సమానత్వం అనిపించుకోదు. ఆపైన ప్రభుత్వం చూపిన జాతిశాస్త్ర సమర్థనలను ఒక్కొక్కటిగా తీసి పరీక్షించాడు. మిశ్రమ సంతతివారు ఏ జాతి కిందికి వస్తారో చట్టమే చెప్పలేని అయోమయాన్ని ఎత్తిచూపాడు.

ఆ అయోమయం ఎంతటిదో భారతీయుల చరిత్రలోనూ కనబడుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో కాలిఫోర్నియా పొలాలకు చేరిన పంజాబీ రైతులు మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. వధూవరుల ఒంటి రంగు గుమాస్తా కంటికి ఒకేలా ఆనితే లైసెన్సు వచ్చేది, లేకుంటే మరో కౌంటీకి పోవాల్సిందే. పెరెజ్ కేసులో నలుగురు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపు. ఆ నలుగురిలోనూ ఒకరు మత స్వేచ్ఛ కారణంతోనే కలిశారు. చరిత్రనూ, చట్టసభ విచక్షణనూ గౌరవించాలని వ్యతిరేకించిన ముగ్గురూ అన్నారు. ఆ మాటకు జవాబు తీర్పులోనే ఉంది. చట్టసభ విచక్షణకు కారణం ఉండాలి, అడిగితే ఆ కారణం నిలబడాలి. పందొమ్మిదేళ్ల తర్వాత, 1967లో, లవింగ్ కేసులో దేశ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇదే చోటికి వచ్చింది.

చట్టసభతో సంభాషణ

కోర్టు చట్టసభను మింగేసిందన్న ఆరోపణకు అన్నిటికన్నా బలమైన జవాబు 1961 నాటి మస్కాఫ్ కేసు. కార్నింగ్ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో విరిగిన తుంటికి చికిత్స పొందుతున్న రోగి, సిబ్బంది నిర్లక్ష్యం వల్ల పడిపోయి అదే తుంటిని మళ్లీ గాయపరుచుకుంది. ప్రభుత్వ సంస్థ మీద దావా చెల్లదని పాత సూత్రం. రాజు తప్పు చేయడనే ఇంగ్లండు భావన కోర్టుల ద్వారానే అమెరికాలో స్థిరపడింది. కాబట్టి దాన్ని తొలగించే బాధ్యతా కోర్టుదేనని ట్రేనర్ రాశాడు. శాసనసభ వెంటనే ఆ తీర్పు అమలును తాత్కాలికంగా నిలిపివేసింది, అధ్యయనం జరిపించి 1963లో సమగ్ర చట్టం తెచ్చింది. ఎక్కడ ప్రభుత్వానికి బాధ్యత ఉండాలో, ఎక్కడ రక్షణ ఉండాలో అందులో వివరంగా రాసింది. తీర్పు తలుపు తట్టకపోతే ఆ చట్టసభ ఎన్నాళ్లు నిద్రపోయేదో ఊహించుకోవచ్చు. విడాకుల్లోనూ అంతే. భార్యాభర్తలిద్దరూ తప్పు చేస్తే ఎవరికీ విడాకులు దక్కవన్న కరడుగట్టిన అన్వయాన్ని 1952లో డిబర్గ్ కేసులో ట్రేనర్ సడలించాడు. తప్పుల పట్టికకన్నా ఆ కాపురం నిలిచే స్థితిలో ఉందా అన్నది చూడమన్నాడు. 1969లో గవర్నర్ రోనాల్డ్ రీగన్ సంతకంతో కాలిఫోర్నియా తప్పుతో నిమిత్తం లేని విడాకుల చట్టం చేసుకుంది.

విమర్శకుల మాట

అన్నీ గెలుపులే ఏరి చూపుతున్నామని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. 1968లో ఆయన రాసిన ఒక ఒప్పందపు తీర్పు ప్రకారం, రాతపూర్వక ఒప్పందం పైకి ఎంత స్పష్టంగా కనబడినా రాసుకున్నవారి ఉద్దేశం తెలిపే బయటి సాక్ష్యానికి చోటివ్వాలి. అలాగైతే రాతకు విలువేముంది, ప్రతి కాగితం మీదా దావా వేయవచ్చు కదా అని సమాఖ్య అప్పీళ్ల కోర్టు 1988లో ఘాటుగానే విమర్శించింది. వ్యాపారానికి నిశ్చయత కావాలన్న ఆ విమర్శను కొట్టిపారేయలేం. వస్తు బాధ్యత విషయంలోనూ నష్టాన్ని ధరలో కలిపి పంచవచ్చన్న అంచనా కాగితం మీద కనబడినంత సులువు కాలేదు. 1970ల నుంచి బీమా ఖర్చులు పెరిగాయని పరిశ్రమలు గగ్గోలు పెట్టాయి, పలు రాష్ట్రాలు పరిమితులు విధిస్తూ చట్టాలు చేశాయి. అయినా ఈ విమర్శలు ట్రేనర్ పద్ధతిని దెబ్బతీయవు. ఏ లెక్క ఆధారంగా నిర్ణయించాడో ఆయన ముందే రాసిపెట్టాడు కాబట్టే, ఆ లెక్క ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపడం సాధ్యమైంది. పాత సూత్రాల మాటున ఫలితాన్ని చాటుగా మార్చే న్యాయమూర్తిని ఇలా పట్టుకోలేం.

ఇంకో అభ్యంతరం లోతైనది. ఇలాంటి కోర్టును ప్రజలు ఎంతకాలం భరిస్తారు? 1986లో అదే కాలిఫోర్నియాలో ప్రధాన న్యాయమూర్తి రోజ్ బర్డ్‌నీ, మరో ఇద్దరు న్యాయమూర్తులనూ ఓటర్లు ఇంటికి పంపారు. తన ముందుకొచ్చిన మరణశిక్షలన్నిటినీ ఆమె వ్యతిరేకించడమే ప్రధాన కారణం. ట్రేనర్ నాటిన మొక్క ఫలితమే ఇదని కొందరంటారు. ఆయన కాలంలో ఈ ఓటింగు చాలావరకు ప్రశాంతంగా సాగేదన్నదీ, ఆ అదృష్టం తర్వాతివారికి దక్కలేదన్నదీ నిజమే. కానీ వరుసగా ఒకే వైపు పడే ఓటు, ఎంత నిజాయితీగా వేసినా, కారణాలకన్నా ముందే ఫలితం ఖాయమైందన్న అనుమానం పుట్టిస్తుంది. అక్రమ సాక్ష్యంపై తన తీర్పును తానే మార్చుకున్న ట్రేనర్ మీద అలాంటి అనుమానం నిలవడం కష్టం.

మనకేమిటి?

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ఉత్పత్తి బాధ్యతకు ఒక అధ్యాయమే ఉంది. తయారీలోనో, రూపకల్పనలోనో లోపముంటే తయారీదారు జవాబు చెప్పాలన్న ఆ ఆలోచనకు వంశవృక్షం గీస్తే ఒక కొమ్మ ఆ సీసా కేసు దాకా పోతుంది. అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యం విషయంలో మాత్రం మన సుప్రీంకోర్టు 1974లో పూరన్‌మల్ కేసులో, ట్రేనర్ 1942లో నిలిచిన చోటే నిలిచింది. ప్రభుత్వ నిర్లక్ష్యానికి రక్షణ విషయంలో, ఆంధ్రప్రదేశ్ అధికారులు స్వాధీనం చేసుకున్న ఎరువులు పాడైపోయిన నాగేంద్రరావు కేసులో 1994లో సుప్రీంకోర్టు రాజు తప్పు చేయడనే భావనకు కాలం చెల్లిందని చెప్పింది. కాలిఫోర్నియాలో రెండేళ్లలో శాసనసభ స్పందించింది. మన పార్లమెంటు మాత్రం, తొలి లా కమిషన్ 1956లోనే అడిగిన చట్టాన్ని ఇప్పటికీ చేయలేదు. న్యాయమూర్తి తట్టగలడు, తలుపు తీయాల్సింది ఎన్నికైనవారే.

1970లో పదవి నుంచి తప్పుకున్న ట్రేనర్ మళ్లీ బోధనకు వెళ్లి, 1983లో బర్క్‌లీలో కన్నుమూశాడు. ఆయన తీర్పుల్లో కొన్ని నిలిచాయి, కొన్నిటిని చట్టసభ సవరించింది, కొన్నిటిని ఓటర్లు కుదించారు. ఈ మూడూ కలిపి చూస్తేనే ఆయన విలువ తెలుస్తుంది. పాత నియమానికి అంటిపెట్టుకున్న న్యాయమూర్తి కూడా ఒక పక్షాన్ని ఎంచుకుంటాడు, కాకపోతే ఆ ఎంపికకు సంజాయిషీ ఇవ్వాల్సిన అవసరం అతనికి రాదు. మార్చేవాడు సంజాయిషీ ఇచ్చి తీరాలి. అందుకే ఏదైనా కోర్టు చట్టాన్ని మార్చిందని విన్నప్పుడు మార్చే హక్కు ఎవరిచ్చారని కోప్పడేముందు, తీర్పు తెరిచి కారణాలు చదవాలి. అవి సూటిగా ఉండి, ఎదుటివారు ఖండించడానికి వీలుగా, చట్టసభ సరిదిద్దడానికి చోటు వదిలి ఉంటే ఆ తీర్పుతో విభేదించవచ్చు గానీ, దాన్ని దురాక్రమణ అనలేం. ఆ కారణాలు లేని తీర్పును మాత్రం, అది మనకు నచ్చిన ఫలితమే ఇచ్చినా, అనుమానించక తప్పదు.